ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదు!

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే గిన్నెంతా కలియబెట్టక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు అంటారు మన ఇళ్లల్లో. ఎలక్షన్ సర్వే దగ్గర్నుంచి రక్తపరీక్ష దాకా లోకం నడిచేది ఈ మెతుకు లెక్క మీదే. కొంచెం తీసి చూస్తే మొత్తం సంగతి తెలిసిపోతుంది.

కానీ ఈ లెక్క తప్పే చోటు ఒకటుంది. గాజు, కాంక్రీట్, రాయి, పింగాణీ, సుద్దముక్క లాంటివి చూడండి. చేతికి గట్టిగా తగులుతాయి. కానీ వంగమంటే వంగవు, ఒక్కసారిగా ఫట్‌మని పగిలిపోతాయి. వీటిని పెళుసు పదార్థాలు అంటాం. వీటిలోంచి ఒక చిన్న ముక్క తీసి బలం కొలిస్తే ఒక అంకె వస్తుంది. అదే పదార్థంతో చేసిన పెద్ద వస్తువుని కొలిస్తే ఇంకో అంకె వస్తుంది. సాధారణంగా పెద్దదాని అంకే తక్కువ.

ఇక్కడ ఒక డౌట్ క్లియర్ చేసుకుందాం. లావు కడ్డీ సన్న కడ్డీ కంటే ఎక్కువ బరువు మోస్తుంది, అది అందరికీ తెలిసిందే. మన లెక్క మొత్తం బరువు గురించి కాదు, ఒక్కో చదరపు మిల్లీమీటరు వాటాకి ఎంత పడింది అన్నదాని గురించి. దాన్నే స్ట్రెంగ్త్ అంటారు. కొలత మెగాపాస్కల్. ఒక చదరపు మిల్లీమీటరు మీద సుమారు 100 గ్రాముల బరువు పెడితే అది 1 మెగాపాస్కల్. పదార్థం ఒకటే అయినప్పుడు ఈ అంకె కూడా ఒకటే ఉండాలి కదా?

ఉండదు. ఎందుకు ఉండదన్నదే ఈ వారం కథ. ఫ్లాట్ కొనబోతున్నవాళ్లూ, ఊళ్లో అమ్మానాన్నలకి ఇల్లు కట్టిస్తున్నవాళ్లూ కొంచెం ఓపిగ్గా చదవండి. ఇది ల్యాబ్‌లో ఆగిపోయే విషయం కాదు.

గాజు పోగు చెప్పిన రహస్యం

సైజుకీ బలానికీ ఏదో లింకు ఉందన్న అనుమానం పాతదే. 500 ఏళ్ల క్రితం లియొనార్డో డావిన్చీ తన నోటుబుక్కులో ఒక ప్రయోగం రాసుకున్నాడు. ఇనుప తీగకి బుట్ట వేలాడదీసి, అందులోకి సన్నటి ధారగా ఇసుక పోస్తూ, ఎంత బరువుకి తీగ తెగుతుందో చూడాలి. తర్వాత తీగ పొడవు మార్చి మళ్లీ చూడాలి.

అసలు కారణం పట్టుకున్నది మాత్రం ఏ.ఏ. గ్రిఫిత్ అనే ఇంగ్లిష్ ఇంజనీర్. ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో ఉద్యోగం. 1921లో ఆయన పేపర్ అచ్చయ్యేనాటికి ఇంకా ముప్పై కూడా నిండలేదు.

ఆయన్ని తొలిచిన ప్రశ్న ఇది. గాజులో అణువుల మధ్య ఉన్న పట్టుని బట్టి లెక్క వేస్తే, దాని బలం వేల మెగాపాస్కల్స్ ఉండాలి. నిజంగా లాగి చూస్తే అందులో పదో వంతు కూడా రావట్లేదు. మిగతా బలం ఎక్కడికి పోయింది?

గ్రిఫిత్ గాజుని వేడి చేసి, సాగదీసి, పోగులు చేశాడు. సుమారు 1 మిల్లీమీటరు మందం ఉన్న పోగు 170 మెగాపాస్కల్ దగ్గర తెగింది. ఇంకా సన్నగా తీశాడు, బలం పెరిగింది. ఇంకా సన్నగా తీశాడు, ఇంకా పెరిగింది. చివరికి 3 మైక్రాన్ల పోగు, అంటే మన తల వెంట్రుక కంటే సుమారు ఇరవై రెట్లు సన్నది, 3,400 మెగాపాస్కల్ దాకా ఆగింది. గాజు అదే, బలం మాత్రం ఇరవై రెట్లు.

కారణం అర్థం కావాలంటే షాంపూ ప్యాకెట్ చాలు. దాని అంచున చిన్న గాటు పెడతారు కదా. గాటు లేని చోట ఎంత లాగినా చిరగదు, పళ్లతో కొరకాల్సిందే. గాటు దగ్గర వేలితో లాగితే సర్రుమని చిరిగిపోతుంది. మనం లాగే బలమంతా ఆ గాటు మొనలో గుమిగూడుతుంది. గాజులోనూ అంతే. కంటికి కనిపించని గీతలు, సన్నటి పగుళ్లు దాని ఒంటి నిండా ఉంటాయి. గ్రిఫిత్ గాజు గొట్టాల మీదా, బల్బుల మీదా కావాలనే పగుళ్లు పెట్టి, లోపల ఒత్తిడి పెంచి పగలగొట్టాడు. తేలిందేమిటంటే, పగులు పొడవు నాలుగింతలైతే బలం సగమవుతుంది. వంద రెట్లైతే పదో వంతు.

ఇందులో జమాఖర్చుల లెక్క కూడా ఉంది. పగులు ముందుకి పాకాలంటే కొత్త అంచులు పుట్టాలి, దానికి కొంత శక్తి ఖర్చవుతుంది. సాగదీసిన వస్తువులో దాచుకున్న శక్తి విడుదలై ఆ ఖర్చు భరిస్తుంది. పగులు చిన్నగా ఉన్నంతకాలం ఖర్చే ఎక్కువ, కాబట్టి కదలదు. ఒక హద్దు దాటాక రాబడి ఎక్కువవుతుంది. ఇక దాన్ని ఆపేవాడుండడు. ఈ పాయింట్ గుర్తుంచుకోండి, బిల్డింగ్ దగ్గరికి వెళ్లినప్పుడు మళ్లీ కావాలి.

3 మైక్రాన్ల పోగులో 10 మైక్రాన్ల లోతు పగులు ఉండటానికి చోటే లేదు. అందుకే సన్న పోగుకి అంత బలం. సన్నదనంలో మంత్రమేమీ లేదని తర్వాత 1950లలో చేసిన ప్రయోగాలు తేల్చాయి. లావు పోగుని కూడా అంతే జాగ్రత్తగా తీసి, దేనికీ తగలనివ్వకుండా చూస్తే దాదాపు అంత బలమూ వచ్చింది. అంటే బలాన్ని తినేసేది సైజు స్వయంగా కాదు, సైజుతో పాటు లోపలికి వచ్చే లోపాలు.

మీ చేతిలో ఉన్న ఫోన్ గాజు ఈ పాఠం మీదే తయారైంది. దాన్ని కరిగిన పొటాషియం నైట్రేట్‌లో ముంచుతారు. గాజు పైపొరలో ఉన్న సోడియం అయాన్లు బయటికొచ్చి, వాటికంటే పెద్దవైన పొటాషియం అయాన్లు ఆ సీట్లలో ఇరుక్కుంటాయి. దాంతో పైపొర అంతా ఒత్తుకుపోయి ఉంటుంది. చిన్న గీత పడినా దాని నోరు తెరుచుకోదు. ఆ ఒత్తుడు పొరని దాటి లోపలికి దిగిన గీత పడిందా, మళ్లీ షాంపూ ప్యాకెట్ కథే.

పెద్దదంటే ఎక్కువ లాటరీ టికెట్లు

పెళుసు వస్తువు బలాన్ని నిర్ణయించేది దాని సగటు భాగం కాదు, అన్నిటికంటే దరిద్రమైన భాగం. వస్తువు పెద్దదయ్యేకొద్దీ ఆ దరిద్రం తగిలే అవకాశం పెరుగుతుంది.

గొలుసుతో లెక్క చూద్దాం. ఒక్కో కొక్కెం బలహీనంగా ఉండే అవకాశం నూటికి ఒకటి అనుకోండి. పది కొక్కేల గొలుసు పూర్తిగా బాగుండే అవకాశం 90 శాతం. వంద కొక్కేల గొలుసుకి? కేవలం 37 శాతం. కొక్కెం క్వాలిటీ ఏమీ మారలేదు, గొలుసు పొడవైంది అంతే.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది రోజూ ఉండే తలనొప్పే. ఒక సర్వర్ వందలో ఒక్కసారి నిదానిస్తుంది అనుకుందాం, పెద్ద ప్రాబ్లమ్ కాదు. కానీ మీరు నొక్కిన ఒక్క బటన్ వెనక వంద సర్వర్లు జవాబు చెప్పాల్సి ఉంటే, 63 శాతం సార్లు కనీసం ఒకటైనా మొరాయిస్తుంది. మీ పేజీ దాని కోసం ఆగాల్సిందే. మా డెవలపర్ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది ప్రొడక్షన్‌లో ఎందుకు పడిపోతుందో చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

ఈ లాటరీకి 1939లో గణితం రాసినవాడు వాలొడ్డి వైబుల్ అనే స్వీడన్ ఇంజనీర్. ప్రతి పదార్థానికీ ఆయన ఒక నంబర్ ఇచ్చాడు. దాన్ని వైబుల్ మాడ్యులస్ అంటారు. అది ఎక్కువుంటే ముక్క ముక్కకీ తేడా తక్కువ, నమ్మదగిన పదార్థం అన్నమాట. సుద్ద, ఇటుక, కుండ పెంకు లాంటివాటికి అది సుమారు 5. ఇంజనీరింగ్ అవసరాల కోసం శ్రద్ధగా తయారుచేసిన సిరామిక్స్‌కి సుమారు 10. స్టీలుకి 100 దాకా ఉంటుంది.

ఈ నంబర్‌తో పని ఏంటంటే, ముక్క ఘనపరిమాణం వెయ్యి రెట్లు పెంచామనుకోండి. అంటే పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కోటి పదింతలు. నంబర్ 5 ఉన్న పదార్థం బలం పావు వంతుకి పడిపోతుంది. 10 ఉంటే సగానికి. 100 ఉన్న స్టీలుకి తగ్గేది 7 శాతమే. స్టీలులో లోపాలు లేక కాదు. పగులు మొన దగ్గర స్టీలు కొంచెం సాగి, ఆ మొనని మొద్దుబారుస్తుంది. గాజుకి ఆ సర్దుకుపోయే గుణం లేదు.

ఇంట్లో చూడాలంటే సుద్దముక్క తీసుకోండి. విరవండి, సులువుగా విరుగుతుంది. సగం ముక్కని మళ్లీ విరవండి, కొంచెం కష్టం. పావు ముక్క దగ్గరికి వచ్చేసరికి వేళ్లు నొప్పి పుడతాయి. ఇందులో ఎక్కువ భాగం మీటసూత్రం, ముక్క పొట్టిదైతే పట్టు చిక్కదు. కానీ దానితోపాటు ఇంకొకటి కూడా జరుగుతోంది. సుద్ద మొదట విరిగింది దాని అతి బలహీనమైన చోటుకి దగ్గర్లోనే. ఆ చోటు అక్కడితో ఖర్చైపోయింది. మీ చేతిలో మిగిలినవి దాన్ని తట్టుకున్న ముక్కలు. రాయి కొట్టే క్రషర్లలోనూ అంతే, పెద్ద బండని చీల్చినంత సులువుగా చిన్న రేణువు నలగదు.

షెల్బీ గోడౌన్

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. 1955లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, షెల్బీలో ఎయిర్‌ఫోర్స్ గోడౌన్ పైకప్పు కొంత భాగం కూలిపోయింది. ఆ కప్పుని మోసే ఆర్‌సీసీ బీముల ఎత్తు 914 మిల్లీమీటర్లు, అంటే మూడడుగులు. విరిగిన చోట బీములో రింగులు లేవు. రింగులంటే తెలుసు కదా, బీము పొడవునా వెళ్లే కడ్డీల చుట్టూ వంచి కట్టే సన్న కడ్డీలు. పుస్తకాల్లో స్టిరప్స్ అంటారు. బీములో ఐమూలగా వచ్చే షియర్ పగులుని పట్టి ఆపేది అవే.

అప్పటి అమెరికన్ కోడ్ ప్రకారం రింగులు లేకున్నా ఆ కాంక్రీట్‌కి 0.62 మెగాపాస్కల్ షియర్ దాకా ఇవ్వొచ్చు. బీములు సుమారు 0.5 దగ్గరే విరిగాయి. అంటే రూల్ పాటించినా కూలింది.

కారణం వెతకడానికి ల్యాబ్‌లో మూడో వంతు సైజులో, అంటే 305 మిల్లీమీటర్ల ఎత్తుతో నమూనా బీములు పోసి పరీక్షించారు. అవి సుమారు 1 మెగాపాస్కల్ దాకా నిలబడ్డాయి. పెద్దదాని కంటే రెట్టింపు! మెతుకు ఉడికింది, అన్నం ఉడకలేదు.

కాంక్రీట్ ఎండి కుంచించుకుపోవడం, ఉష్ణోగ్రత మార్పులు కలిసి ఆ బీములని రెండు వైపులా లాగాయనీ, అందుకే బలం తగ్గిందనీ అప్పుడు తేల్చారు. ఆ లాగుడుని నమూనాలకి కూడా పెట్టి చూస్తే బలం సుమారు సగానికి పడింది కూడా. అది తప్పు కాదు. కానీ సైజు అనే ఇంకో దొంగ పక్కనే ఉన్నాడు, వాణ్ని ఎవరూ గట్టిగా నిలదీయలేదు.

నిలదీసింది కెనడాలోని టొరంటో యూనివర్సిటీలో కానీ అనే ప్రొఫెసర్. వేర్వేరు ఎత్తుల బీములని వరసగా విరగ్గొట్టి, మన పెద్ద ఆర్‌సీసీ బీములు ఎంత సురక్షితం అని 1967లో పేపర్ హెడ్డింగ్‌లోనే అడిగేశాడు. ఎత్తు పెరిగేకొద్దీ షియర్ బలం తగ్గుతోందని చూపించాడు. 1980లలో జపాన్‌లో 100 మిల్లీమీటర్ల నుంచి 3,000 మిల్లీమీటర్ల దాకా, అంటే పది అడుగుల ఎత్తు బీము వరకూ పోసి పరీక్షించారు. అతి పెద్ద బీము తట్టుకున్న ఒత్తిడి అతి చిన్నదానిలో సుమారు మూడో వంతు.

ఇక్కడ లాటరీ ఒక్కటే కారణం కాదు. ఐమూల పగులుకి రెండు వైపులా ఉన్న గరుకు కంకర ఒకదాన్నొకటి పట్టుకుని కొంత బరువు మోస్తుంది. బీము ఎత్తు మూడింతలైతే పగులు కూడా ఆ దామాషాలో వెడల్పుగా తెరుచుకుంటుంది. కంకర సైజు మాత్రం అదే 20 మిల్లీమీటర్లు. పట్టు జారిపోతుంది. దానికి తోడు ఇందాక చెప్పుకున్న జమాఖర్చు. పెద్ద వస్తువులో దాచుకున్న శక్తి ఎక్కువ, పగులుని నడిపించడానికి సరిపడా పెట్టుబడి ముందే సిద్ధంగా ఉంటుంది. ఈ శక్తి లెక్కని 1984లో ఒక సూత్రంగా పెట్టింది నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీకి చెందిన జెనెక్ బజాంట్.

ఇంత తెలిశాక కోడ్ ఎప్పుడు మారింది? అమెరికన్ కాంక్రీట్ కోడ్‌లో రింగులు సరిపడా లేని బీముల షియర్ లెక్కలోకి సైజు వచ్చింది 2019 ఎడిషన్‌లో. షెల్బీ కప్పు కూలిన 64 ఏళ్లకి.

మన సైట్‌లో క్యూబ్ కథ

మన దగ్గర పెద్ద బిల్డింగ్ కట్టే చోట నీళ్ల తొట్టెలో సిమెంట్ రంగు దిమ్మలు మునిగి ఉంటాయి, పైన తేదీలు రాసి. అవే టెస్ట్ క్యూబులు. ఒక్కో వైపు 150 మిల్లీమీటర్లు. 28 రోజులు నానబెట్టి మెషిన్‌లో నలిపి చూస్తారు. ఎం25 కాంక్రీట్ అంటే 25 మెగాపాస్కల్. క్యూబ్ మీద మోపే బరువులో చెప్పాలంటే సుమారు 57 టన్నులు. మూడు క్యూబుల సగటుని ఒక శాంపిల్ అంటారు.

అదే కాంక్రీట్‌ని 100 మిల్లీమీటర్ల క్యూబుగా పోస్తే అంకె కొంచెం ఎక్కువ వస్తుంది. 300 మిల్లీమీటర్ల ఎత్తు సిలిండర్‌గా పోస్తే 25 బదులు దాదాపు 20 వస్తుంది. సిలిండర్ విషయంలో సైజు కంటే ఆకారం పాత్ర ఎక్కువ. మెషిన్ ప్లేట్లు రాపిడితో క్యూబ్ పైనా కిందా గట్టిగా పట్టేస్తాయి, పక్కకి ఉబ్బనివ్వవు. పొడుగు సిలిండర్ నడుముకి ఆ సాయం అందదు. అందుకే యూరప్ కోడ్‌లో గ్రేడ్‌ని సీ20/25 అని రెండు అంకెలతో రాస్తారు, మొదటిది సిలిండర్‌ది, రెండోది క్యూబ్‌ది. అమెరికాలో పని చేసే మన సివిల్ ఫ్రెండ్స్‌తో కాంక్రీట్ బలం గురించి వాదించేముందు ఇది చూసుకోండి, అక్కడ సిలిండర్ లెక్క.

మరి పిల్లర్‌లో అసలు బలం ఎంతని నమ్మాలి? మన కోడ్ ఐఎస్ 456 సూటిగా చెప్తుంది. క్యూబ్ బలంలో 0.67 వంతే నిర్మాణంలో ఉంటుందని లెక్కేసుకో, ఆపైన ఇంకో 1.5తో భాగించు. అంటే క్యూబ్ 25 అంటే డిజైనర్ వాడుకునేది సుమారు 11. బిల్డర్ చేతిలో ఉన్న క్యూబ్ రిపోర్టుకీ మీ పిల్లర్‌కీ మధ్య అంత దూరం ఉందని కోడ్ రాసినవాళ్లకి ముందే తెలుసు.

ఇదే కోడ్‌లో స్లాబుల షియర్ దగ్గర సైజు ఇంకా బాహాటంగా కనిపిస్తుంది. 150 మిల్లీమీటర్లు, అంతకంటే పలచని స్లాబుకి షియర్ బలం 30 శాతం ఎక్కువ తీసుకోవచ్చు. 200 అయితే 20 శాతం. 300 కానీ ఆపైన కానీ అయితే బోనస్ సున్నా. మన ఇళ్లలో వేసే 5 అంగుళాల స్లాబుకి పూర్తి బోనస్ వస్తుంది.

బీముల టేబుల్‌లో మాత్రం ఎత్తు అనే కాలమే లేదు. బదులుగా కనీసం ఇన్ని రింగులు ఉండాలన్న రూల్ ఉంది. లింటెల్ లాంటి చిన్నవాటికీ, షియర్ చాలా తక్కువున్న చోటికీ మాత్రమే మినహాయింపు. సరిపడా రింగులుంటే ఐమూల పగులు వెడల్పు కాకుండా అవే పట్టి ఆపుతాయి, సైజు వల్ల వచ్చే నష్టం చాలావరకు తగ్గిపోతుంది. అంటే పెద్ద బీముకి ఇన్సూరెన్స్ ఆ సన్న కడ్డీలే. కడ్డీ ఖర్చు తగ్గిద్దామని డ్రాయింగ్‌లో 150 మిల్లీమీటర్ల దూరం ఉన్న రింగుల్ని 250కి జరిపేస్తే, క్యూబ్ రిపోర్టులో ఆ సంగతి ఎక్కడా కనిపించదు. క్యూబ్ పాసవుతూనే ఉంటుంది.

అన్నమంతా పట్టి చూసేవాళ్లు

మెతుకుని నమ్మకుండా గిన్నె మొత్తం చూసే పరిశ్రమ ఒకటుంది. మీరు ఇది చదవడానికి వాడుతున్న ఇంటర్నెట్ ఎక్కడో ఒకచోట ఆప్టికల్ ఫైబర్ మీదుగా వచ్చే ఉంటుంది. అది 125 మైక్రాన్ల మందం ఉన్న గాజు పోగు, గ్రిఫిత్ పోగుకి మనవడు. వేడి కొలిమిలోంచి బయటికి రాగానే, దేనికీ తగలకముందే, దాని మీద ప్లాస్టిక్ పూత వేసేస్తారు. గీత పడకూడదు, అంతే.

చేతి పొడవు ముక్క తీసుకుని ల్యాబ్‌లో లాగితే అది 5 కిలోలకి పైనే ఆపుతుంది. మరి ఫ్యాక్టరీ ఆ అంకె చూపించి అమ్ముతుందా? అమ్మదు. కిలోమీటర్ల పొడవు పోగులో ఎక్కడ ఏ గీత దాక్కుందో ఆ ముక్క చెప్పలేదు. అందుకే తయారైన పోగుని ఈ చివర నుంచి ఆ చివర దాకా మెషిన్ మీద నడుపుతూ, ప్రతి అంగుళాన్నీ సుమారు 690 మెగాపాస్కల్ ఒత్తిడితో లాగుతారు. అంత సన్న పోగుకి అది 860 గ్రాముల బరువు వేలాడదీసినట్టు. బలహీనమైన చోటు ఉంటే అక్కడే, ఫ్యాక్టరీలోనే తెగిపోతుంది. మిగిలిన పోగు ఆ పరీక్ష తట్టుకున్నదని ఖాయం, మన సుద్దముక్క లాగే.

5 కిలోలు మోసే దాన్ని 860 గ్రాములకే గ్యారంటీ ఇవ్వడం పిరికితనంలా కనిపించొచ్చు. కానీ ఇళ్లకి వాడే ఎఫ్ఈ 500 టీఎంటీ కడ్డీ 500 మెగాపాస్కల్ దగ్గర సాగడం మొదలుపెడుతుంది. పెళుసు గాజు పోగుకి అంతకంటే ఎక్కువ ఒత్తిడి కిలోమీటర్ల పొడవునా పెట్టి, నిలబడింది అని చెప్పగలగడం చిన్న విషయమా?

బిల్డింగ్‌ని అలా లాగి చూడలేం. కాబట్టి మనకి మిగిలింది చిన్న ముక్క, దాని మీద కోడ్ వేసే కోత, లోపల కట్టే కడ్డీ. ఈ మూడిట్లో మొదటిది మాత్రమే కాగితం మీద కనిపిస్తుంది. అందుకే మన వంతు పని కొంచెం ఉంది.

ఇల్లు కట్టిస్తుంటే క్యూబ్ రిపోర్టు అడగండి, క్యూబ్ సైజు ఎంత, ఏ రోజు పోసింది, ఏ స్లాబుది అని కూడా అడగండి. కాంక్రీట్ పోయకముందు స్ట్రక్చరల్ డ్రాయింగ్ ఫోన్‌లో పెట్టుకుని, బీము రింగుల మధ్య దూరం టేపుతో కొలవండి. ముఖ్యంగా పిల్లర్ దగ్గరి భాగం, షియర్ సాధారణంగా అక్కడే ఎక్కువ. తేడా ఉంటే మేస్త్రీతో గొడవ పెట్టుకోకుండా ఫొటో తీసి డిజైన్ చేసిన ఇంజనీర్‌కి పంపండి, ఆయన సరే అనేదాకా పోత ఆపించండి. కాంక్రీట్ పోశాక ఆ రింగులు ఎవరి కంటికీ కనిపించవు. టేపు పట్టుకోవడానికి మీకున్న టైమ్ ఆ ఒక్క రోజే.